తూటాకో పుట్టిల్లు

తూటాలకు కూడా పుట్టిల్లూ మెట్టినిల్లూ ఉంటాయంటే నమ్ముతారా? నవ్వొస్తుంది గానీ నిజం. ఇంగ్లండు సైన్యం 1871 లో చేపట్టిన మార్టినీ-హెన్రీ అనే తుపాకీ ఒకటుంది. దాని తూటా పేరు 577/450. అంటే 577 వారింట పుట్టి 450 వారింటికి కాపురానికి వచ్చిన పిల్ల అన్నమాట. పుట్టింటి పేరు ముందు, అత్తింటి పేరు తర్వాత. మన ఆడపిల్లలకు పుట్టింటి పేరు శుభలేఖతోనే సరి. తూటాకు మాత్రం నూట యాభై ఏళ్లు దాటినా పోలేదు చూశారా!

ఆ అంకెలు ఏమిటంటే అంగుళాన్ని వెయ్యి పాళ్లు చేస్తే అందులో ఇన్ని అని. 577 అంటే అరంగుళం దాటిన లావు. అంతకుముందు ఉన్న స్నైడర్ తుపాకీ తూటా అంత లావు. ఆ లావుపాటి గుల్లనే తీసుకుని, పైభాగాన్ని నొక్కి సన్నటి మెడ తెచ్చి, ఆ మెడలో 450 సీసం గుండును కూర్చోబెట్టారు. కింద మందు ఎక్కువ పడుతుంది, పైన గుండు సన్నంగా ఉంటుంది. ఎక్కువ మందు తక్కువ బరువును తోస్తే అది వేగంగా పోతుంది. ఇదీ కిటుకు.

ఈ గొడవంతా నాకెందుకు పట్టిందీ అంటే, నేను పల్నాటి పుల్లరి సత్యాగ్రహం నేపథ్యంగా ఒక నవల రాస్తున్నాను. ఢాం అని తుపాకీ పేలింది అని రాసేసి ఊరుకోవచ్చు. మన నవలల్లో నూటికి తొంభై తుపాకులు అలాగే పేలతాయి. కానీ 1922 లో అడవి అంచున నిలబడ్డ పోలీసు చేతిలో ఉన్నదేమిటి, అదెక్కడి నుంచి వచ్చింది, అదే ఎందుకు ఇచ్చారు అని అడగడం మొదలుపెట్టాక అంతు దొరకలేదు. నేను చదివింది ఆర్ట్సు. యంత్రాల్లో కుట్టుమిషను దాటి నాకేమీ తెలీదు. అయినా ఈ కథ అర్థం కావడానికి యంత్రాలు తెలియక్కర్లేదు, ఇత్తడి తెలిస్తే చాలు. ఇత్తడి మనకు తెలియనిదా?

తూటాలో నాలుగు వస్తువులుంటాయి. ముందు గుండు, దాని వెనక మందు, అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ, ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి గుల్ల. గుండు శత్రువు దగ్గరికి పోతుంది, మందు పొగైపోతుంది, టోపీ చిట్లిపోతుంది. గుల్ల మాత్రం మిగులుతుంది. నిజానికి తుపాకీ విద్యలో సగం ఆ గుల్లలోనే ఉంది. మందు పేలిన క్షణంలో గుల్ల ఉబ్బి గొట్టం గోడలకు అతుక్కుని, నిప్పు వెనక్కి వచ్చి కాల్చినవాడి మొహం మీద పడకుండా కాపాడాలి. మరుక్షణం కాస్త ముడుచుకుని తేలిగ్గా ఊడి రావాలి. ఉబ్బాలి, ముడుచుకోవాలి, పగలకూడదు. ఇనుము అలా మాట వినదు. రాగి మరీ మెత్తన. నూటికి డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు తుత్తునాగం కలిపిన ఇత్తడి ఈ సంసారం చక్కగా చేయగలిగింది.

గోదావరి సీమలో అజ్జరం ఇత్తడి సామానుకు పెట్టింది పేరు. బిందె చేసే కంచరిని అడగండి, ఇత్తడిని కొట్టేకొద్దీ బిరుసెక్కుతుందని చెబుతాడు. అలాగే కొడుతూ పోతే చిట్లుతుంది. అందుకని మధ్యలో కొలిమిలో కాల్చి మెత్తబరిచి మళ్లీ కొడతాడు. తూటా గుల్ల చేసేదీ అంతే. గుండ్రటి బిళ్లను గిన్నెలా నొక్కి, ఆ గిన్నెను మళ్లీ మళ్లీ సాగదీసి గొట్టం చేస్తారు. నడుమ నడుమ కాలుస్తారు. చివర మెడ నొక్కడం అన్నిటికన్నా నాజూకు పని. ఒక్కసారే సన్నం చేయబోతే భుజం దగ్గర చీర కుచ్చిళ్లలా ముడతలు పడిపోతుంది. కొద్దికొద్దిగా నొక్కాలి. జారడానికి జిడ్డు రాయాలి. ఆ జిడ్డు ఎక్కువైందా, పోవడానికి చోటు లేక భుజం మీద సొట్ట పెడుతుంది. నెయ్యి ఎక్కువైతే అరిసె పాడైనట్టు.

ఇత్తడి రాకముందు తూటాలు కాగితపు పొట్లాలే. కాగితానికి రాసిన కొవ్వు ఏ జంతువుదన్న అనుమానమే 1857 లో సిపాయిల తిరుగుబాటుకు నిప్పు పెట్టిందని బళ్లో చదువుకున్నాం. దాని తర్వాత జరిగింది బళ్లో అంతగా చెప్పరు. తిరుగుబాటు అణిగాక దొరలు ఒక నియమం పెట్టుకున్నారు. తెల్ల సిపాయి చేతిలో ఉన్న తుపాకీ కన్నా నల్ల సిపాయి చేతిలోది ఎప్పుడూ ఒక మెట్టు తక్కువగా ఉండాలి. తెల్లవాడికి వెనకనుంచి తూటా పెట్టే స్నైడర్ వస్తే, నల్లవాడికి ముందునుంచి మందు దట్టించే పాత మస్కెట్. తెల్లవాడికి మార్టినీ వచ్చాక నల్లవాడికి స్నైడర్. తెల్లవాడికి 1888 తర్వాత .303 వస్తే అప్పుడు నల్లవాడికి మార్టినీ. పెద్ద కోడలు కట్టి విడిచిన చీర చిన్న కోడలికిచ్చినట్టు, అదీ బోలెడంత ఆలోచించి ఇచ్చినట్టు.

మార్టినీ తూటాలు మొదట పల్చటి ఇత్తడి రేకును చుట్టి చేసేవారు. ఆ రేకులు వేడికి గొట్టంలో ఇరుక్కుపోయి, సూడాను ఎడారిలో 1885 ప్రాంతంలో సైనికుల ప్రాణాల మీదికి తెచ్చాయి. అప్పుడు గానీ అతుకు లేకుండా ఒకే ముక్కగా సాగదీసిన గుల్లల విలువ తెలిసిరాలేదు. మన దేశంలో పూనా పక్కన కిర్కీలో 1869 నుంచే తూటాల ఫ్యాక్టరీ ఉంది. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో ఇంకొకటి. ఆ రెండో ఊరి పేరు ఎంత చెడ్డపేరు తెచ్చుకుందంటే, అక్కడ తయారైన ఒకరకం గుండు ఒంట్లో దిగి పువ్వులా విచ్చుకుంటుంది. అలాంటి గుండ్లు వాడకూడదని 1899 లో హేగ్‌లో దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకోవలసి వచ్చింది.

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చిన ముచ్చట చెప్పాలి. ఇది కూడా మన దేశంలో జరిగిందే. వానాకాలం వచ్చేసరికి సైన్యం నిల్వ చేసిన తూటాల్లో కొన్ని వాటంతట అవే చిట్లిపోయేవి. ఎవరూ ముట్టుకోలేదు, కింద పడలేదు. పెట్టె తెరిచి చూస్తే గుల్ల మెడ మీద నిలువునా బీట. వాన తగ్గితే ఆగేది, మళ్లీ వానొస్తే మళ్లీ బీటలు. కారణం తెలియక దానికి రుతువు పేరే పెట్టారు, సీజన్ క్రాకింగ్ అని. చివరికి 1921 లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు గుట్టు విప్పారు. తూటా పెట్టెలు గుర్రపుసాలల్లో దాచేవారు. గుర్రాల మూత్రం కుళ్లి ఘాటైన అమ్మోనియా వాయువు లేస్తుంది. వానాకాలపు చెమ్మకు అదీ తోడై ఇత్తడి మీద పడుతుంది. ఇత్తడి ఊరికే ఉంటే ఏమీ కాదు. కానీ మెడ నొక్కినప్పుడు పడ్డ బిగువు దాని లోపల అలాగే ఉండిపోతుంది. పైకి నున్నగా, నిగనిగలాడుతూ కనబడుతుంది గానీ లోలోపల లాగిపట్టిన నారిలా ఉంటుంది. అమ్మోనియా సోకగానే ఆ బిగువంతా బీటగా బయటపడుతుంది.

మందు చాలా తేలిక. మెడ నొక్కాక దాన్ని ఒక్కసారి సెగ మీద పట్టి బిగువు సడలిస్తే చాలు, తర్వాత ఏ సాలలో పెట్టినా చిట్లదు. సైన్యం తూటాల మెడల మీద నీలం, గోధుమ కలిసిన ఒక మరక కనబడుతుంది. పాతబడి వచ్చిన మచ్చ కాదది, ఆ సెగ తగిలిన గుర్తు. ఇప్పుడు విమానాల దగ్గర్నుంచి వంతెనల దాకా లోహం పని చేసే ఇంజనీర్లందరికీ మొదట చెప్పే పాఠాల్లో ఈ హిందూస్థానపు వాన, గుర్రపుసాల కథ ఒకటి. మా ఇంట్లో పశువుల కొట్టంలో ఇత్తడి సామాను ఉంచనిచ్చేవారు కాదు, మైల అనేవారు. మైలకూ అమ్మోనియాకూ చుట్టరికం ఉందని నేననను గానీ, ఈ సంగతి చదివాక మా పెద్దవాళ్ల మీద కాస్త గౌరవం పెరిగిన మాట నిజం.

సరే, మళ్లీ పుట్టిళ్ల దగ్గరికి వద్దాం.

1900 తర్వాత తొలి పదేళ్లలో దొరతనానికి ఒక బెంగ పట్టుకుంది. వాయవ్య సరిహద్దు కొండల్లో పఠాన్ల చేతుల్లోకి పాత మార్టినీ తుపాకులు బోలెడు చేరాయి. పులుల వేటకు దొరలూ జమీందార్లూ తెచ్చుకునే .450 తూటాలను విప్పితే, అందులోని గుండ్లు ఆ తుపాకులకు పనికొస్తాయేమో! వెంటనే .450 తూటాలు హిందూ దేశానికీ సూడానుకూ రాకూడదని నిషేధం పెట్టారు. మరి మహారాజుల వేట ఆగుతుందా? లండన్ తుపాకీ వ్యాపారులు పరుగులు పెట్టారు. కొలత కాస్త జరిపితే చట్టం వర్తించదు కదా! హాలండ్ అండ్ హాలండ్ వారు .500 గుల్లను తెచ్చి .465 కు మెడ నొక్కారు, 500/465 తయారైంది. జోసెఫ్ లాంగ్ కంపెనీ వారు .470 తెచ్చారు. ఒక్క నిషేధం దెబ్బకు నాలుగైదు కొత్త సంబంధాలు కుదిరాయి. సంపన్నుడికి చట్టం అడ్డొస్తే చట్టం పక్కనుంచి దారి వేయడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు సిద్ధంగా ఉంటారు.

సామాన్యుడి సంగతి వేరు. .303 సైన్యానిది కాబట్టి మామూలు మనిషి దాన్ని ముట్టకూడదు. లైసెన్సున్నవాడు .315 కొనుక్కోవచ్చు. అది ఆస్ట్రియా వారి మాన్‌లిఖర్ తుపాకీ తూటా. సైన్యం తూటా కన్నా పొట్టి, మెడ కాస్త లావు. ఒకదానిది ఇంకోదానిలో పట్టదు. అదే దాని సుగుణం. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన ప్రభుత్వ ఫ్యాక్టరీలు లైసెన్సుదార్ల కోసం .315 నే చేస్తూ వచ్చాయి. మా బంధువుల్లో ఒకాయనకు ఆ తుపాకీ ఉండేది. మిరపతోటలో అడవిపందుల కోసం అనేవారు గానీ పంది పడిన దాఖలా లేదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని గుడ్డలో చుట్టి ఠాణాలో అప్పజెప్పి రావడం, ఎన్నికలయ్యాక మళ్లీ తెచ్చుకోవడం, ఇదే దాని ప్రయాణం. ఖాళీ గుల్ల మూతి దగ్గర పెదవి ఆనించి ఊదితే కూత వచ్చేది. పిల్లలం దానికోసం కొట్టుకునేవాళ్లం.

పోలీసుల కోసం దొరలు చేసిన పని ఇంకా విడ్డూరం. .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లను బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో మార్చి, లోపలి గాడులు తీసేసి, .410 మస్కెట్లు చేశారు. తూటాలు దాచుకునే అర మూసేసి, ఒక్కొక్కటే పెట్టి కాల్చేలా కట్టడి చేశారు. దూరం పోదు, గురి నిలవదు. ఇక తూటా అంటారా, అదే .303 గుల్ల. కాకపోతే మెడ నొక్కలేదు! నిటారుగా, వెదురు బొంగులా వదిలేశారు. ఈ తూటాను ఎవడైనా దొంగిలించి సైనికుడి రైఫిల్లో పెట్టబోతే, మెడ ఉండాల్సిన చోట లావుగా అడ్డం పడి లోపలికి పోదు. తన పోలీసును తనే నమ్మని సర్కారు ఆ అపనమ్మకాన్ని ఇత్తడిలో పోత పోసిందన్నమాట.

అంత నమ్మని పోలీసునే మన వాళ్ల మీదికి పంపింది. పల్నాడులో అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి కట్టమన్నారు. కట్టం అన్నాడు మించాలపాడు కన్నెగంటి హనుమంతు. 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో నేలకొరిగాడు. అప్పుడు గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్ దొర. పెదనందిపాడులో పన్నుల నిరాకరణను అణచడానికి పూనుకున్నవాడూ ఆయనే. ఈ పేరు గుర్తుంచుకోండి.

ఆ ఏడే ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడ్డాడు. 26 తుపాకులు, 2500 కు పైగా తూటాలు చేజిక్కించుకున్నాడు. ఏవేవి తీసుకున్నదీ ఠాణా డైరీలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. ముందుగా కబురు చెప్పడానికి బాణానికి మిరపకాయ కట్టి పంపేవాడని మిరపకాయ టపా కథ మనందరికీ తెలిసిందే. ఇదంతా విన్న కథే గానీ, తూటా గుల్ల గురించి తెలిశాక నాకు అది వేరే కథలా కనబడింది.

కొండవాళ్ల నాటు తుపాకీకి గుల్ల అక్కర్లేదు. మందు దట్టించుకుని, సీసం ముక్కో ఇనుప ముక్కో వేసుకుంటే సరి. మందూ సీసమూ దొరికినంత కాలం అది తుపాకీయే. ఠాణా నుంచి తెచ్చిన తుపాకీ దానికన్నా వెయ్యి రెట్లు మంచిది, సందేహం లేదు. కానీ దానికి గుల్ల కావాలి. గుల్ల కిర్కీ నుంచి రావాలి. కొలిమి ఉన్న కమ్మరి కత్తి చేస్తాడు, బాణం ములికి చేస్తాడు, నాటు తుపాకీకి గొట్టం కూడా చేస్తాడు. అతుకు లేకుండా సాగదీసిన ఇత్తడి గుల్లను, అడుగున పేలే టోపీతో సహా మన్యంలో ఎవడు చేస్తాడు? 2500 తూటాలంటే 26 తుపాకులకు పంచితే ఒక్కోదానికి వందకు అటూ ఇటూ. ప్రతి పేలుడుతోనూ ఆ లెక్క ఒకటి తగ్గుతుంది, మళ్లీ పెరగదు. ఇంకో ఠాణా మీద పడితే తప్ప. ఆ కీలకం సర్కారుకూ తెలుసు. ఏజెన్సీ ఠాణాల్లో తుపాకులూ తూటాలూ ఉంచకుండా తరలించేసింది.

1922 సెప్టెంబరు 24 న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు రాజు దళం తుపాకులకు కూలిపోయారు. ఆ దెబ్బతో మలబారు స్పెషల్ పోలీసుల్ని దింపారు. వాళ్లు రైల్లో వచ్చి ఉంటే మా తాడేపల్లి పక్కన కృష్ణ మీద 1893 లో కట్టిన వంతెన దాటే వెళ్లి ఉండాలి. అటునుంచి వచ్చే బండికి దగ్గర దారి అదే. తర్వాత అస్సాం రైఫిల్స్ కూడా దిగింది. డిసెంబరులోనే పెద్దగడ్డపాలెం దగ్గర పోరులో రాజు మనుషులు పలువురు పోయారు, తెచ్చుకున్న తుపాకుల్లోనూ కొన్ని పోయాయి. 1924 లో మన్యానికి స్పెషల్ కమిషనరుగా వచ్చింది ఎవరనుకున్నారు? గుంటూరు రూథర్‌ఫర్డ్! మే 7 న రాజును పట్టుకుని కాల్చేశారు. ఆయన అనుచరుల్లో గాం మల్లుదొర జైలు జీవితం గడిపి బయటికొచ్చి, 1952 ఎన్నికల్లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఈ ఒక్క ముక్క రాసేటప్పుడు నాకు కాస్త ఊపిరాడింది.

కాల్చిన ప్రతి తూటాకూ ఖాళీ గుల్ల లెక్క చూపాలన్నది పోలీసుల్లో, సైన్యంలో ఇప్పటికీ ఉన్న పద్ధతే. మా ఊరికి దగ్గర్లో తెనాలిలో 1942 ఆగస్టు 12 న జనం రైల్వే స్టేషను తగలబెడితే పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. రణరంగ చౌక్‌లో ఏడు స్తూపాలు నిలబెట్టారు. కూరల సంచీ పట్టుకుని ఆ పక్కనుంచి పోయే ఆడవాళ్లలో ఎంతమంది తలెత్తి చూస్తారో గానీ, తెనాలి వెళ్లినప్పుడల్లా నేను మాత్రం లెక్కపెడతాను.

ఇదంతా ఇలా ఉండగా, సముద్రాలకు అవతల అమెరికాలో ఇదే గుల్ల మెడ నొక్కడం ఒక సరదా వ్యాపకం. పెరట్లో చిన్న మర పెట్టుకుని, ఒక తూటా గుల్లను తెచ్చి ఇంకో కొలతకు మెడ మార్చి, ఏ ఫ్యాక్టరీ చేయని తూటా తామే చేసుకుంటారు. వాటికి వైల్డ్‌క్యాట్ అని పేరు, అంటే అడవిపిల్లి. సైన్యం 1906 లో తెచ్చిన .30-06 గుల్లకు ఇలా పుట్టిన సంతానం లెక్కలేనంత. దాని మెడను .25 కు నొక్కి నీడ్నర్ అనే తుపాకీ మేస్త్రీ 1920 లో చేసిన తూటాను రెమింగ్టన్ కంపెనీ 1969 లో గానీ తన జాబితాలో చేర్చుకోలేదు. నలభై తొమ్మిదేళ్లు కాపురం చేశాక రిజిస్టరు పెళ్లి! ఆక్లీ అనే ఇంకో మేస్త్రీ దారి వేరు. మర అక్కర్లేకుండా, కొత్త కొలతకు తొలిచిన తుపాకీలోనే పాత తూటా పెట్టి పేల్చేవాడు. మందు పేలిన ఒత్తిడికి గుల్ల ఉబ్బి ఆ గూటి ఆకారం తెచ్చుకునేది, గుంతపొంగణాల పెనంలో పిండి పొంగి గుంత ఆకారం తెచ్చుకున్నట్టు. మన దేశంలో ఈ సరదాకు తావు లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే తూటా తయారుచేయడం నేరం.

ఇషాపూర్‌లో చేసిన ఆ .410 పోలీసు మస్కెట్లు పాతబడ్డాక చాలావరకు సముద్రాలు దాటి ఆ దేశాల్లోని సేకరణదార్ల చేతుల్లో పడ్డాయి. తుపాకీ దొరికింది గానీ దాని తూటాలు ఏ కొట్లోనూ దొరకవు. అందుకని వాళ్లు .303 గుల్లలు కొనుక్కొచ్చి, కాస్త మందు వేసి ఆ మస్కెట్‌లోనే పేల్చి, ఫ్యాక్టరీ అంత జాగ్రత్తగా నొక్కిన మెడను ఉబ్బించి మళ్లీ నిటారు చేసుకుంటున్నారు.